సారు కప్పుకోని శాలువా

గోదావరిఖని,
4 మార్చి 2024

బిడ్డ సంతోషికి పెద్దబాపు రాయమల్లు రాసేది.

ఇంటి సంగతులు నీకు ఫోనులో తెలుస్తూనే ఉన్నాయి కాబట్టి అవి రాయను. నా చెవులకు ఫోను పనికిరాదు. బొగ్గు బాయిలో మందు పేల్చే దగ్గర పనిచేసిన చెవులు ఇవి. నువ్వు మాట్లాడితే రేకుల మీద గాలి కొట్టినట్టు వినబడుతుంది. అందుకే ఈ కాగితం.

మొన్న వచ్చి, చెప్పకుండా వెళ్ళిపోయావు. మీ అమ్మ సారక్క నీ కోసం పెట్టిన సర్వపిండి గిన్నెలోనే ఉండిపోయింది.

మీ బాపు సదయ్యను మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. మెట్లు నాలుగు ఎక్కితే ఊపిరి అందదు. ఆయన ఉద్యోగం ఇప్పుడు ఇంట్లో ఒకరికి వస్తుంది. నీ పేరు రాయమని నేనే చెప్పాను. మీ అక్క జమున పెళ్ళయి నస్పూర్ పోయింది. ఇంట్లో మిగిలింది నువ్వు. వచ్చి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. అంతే పని. నువ్వేమో నా తమ్ముణ్ణి, మీ బాపును, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "బాయి కొలువు నాకొద్దు బాపూ, నేను పీహెచ్‌డీ చేస్త" అన్నావట. ఆ పూట వాడు అన్నం ముట్టలేదు.

ఆ పీహెచ్‌డీ అంటే ఏందని సారక్కను అడిగాను. "ఏమో బావా, ఎవలో సార్లకు ఉత్తరాలు రాస్తదట. వాళ్లు జవాబియ్యరట. మళ్ల రాస్తదట" అని నా చెవి దగ్గర గట్టిగా అన్నది.

ఇదేం పని. మన దగ్గర సారుతో పని పడితే మనిషి పోయి ఎదురుగా నిలబడతాడు. వెనక ఇంకో మనిషి ఉంటాడు. ఒట్టి కాగితం పంపి ఊరుకుంటే ఎవరు చూస్తారు. వాళ్ళు నిన్ను లెక్క చేయడం లేదు. నీకు అది అర్థం కావడం లేదు.

ఆ సార్లలో ఒక్కరికైనా పేరు ఉందా. ఉంటే రాయి. సంతకానికి ఎప్పుడు వస్తావో అది కూడా రాయి.

రాయమల్లు


హైదరాబాద్,
13 మార్చి 2024

పెద్దబాపూ,

నలుగురిలో నోరు విప్పని మనిషివి. నా పెళ్ళిచూపులకు వాళ్ళొచ్చినప్పుడు కూడా నువ్వు వెళ్ళి గేదెల దగ్గర నిలబడ్డావు. కాగితం మీద మాత్రం ఇంత కోపం చేస్తావని నాకు తెలియదు. సరే, నేనూ కాగితం మీదే చెప్తాను.

పీహెచ్‌డీ సీటు ఎవరో పిలిచి ఇచ్చేది కాదు. ఏ సారు దేని మీద పరిశోధన చేస్తున్నారో ముందు వెతకాలి. ఆయన రాసిన వ్యాసాలు చదవాలి. ఆయన పనిలో ఇంకా తేలని సంగతి ఏముంది, అందులో నేను చేయగలిగింది ఏముంది, అది ఒక్క పేజీలో రాసి పంపాలి. అందరికీ ఒకే ఉత్తరం పంపితే రెండో వాక్యంలోనే దొరికిపోతాం. మొదట్లో నేను అదే చేశాను. ఒక సారుకు ఇంకో సారు పేరు పెట్టి పంపాను. ఆ మొదటి ఉత్తరాల్లో జవాబు వచ్చింది దానికొక్కదానికే, పేరు సరిచూసుకోమని.

కొందరి దగ్గర ఖాళీ లేదు. కొందరి ప్రాజెక్టు అయిపోయింది. కొందరు అసలు చూడరు. చూడలేదని అలిగి కూర్చుంటే ఈ పని జరగదు. గేట్ మార్కులు ఉండాలి, దరఖాస్తు పెట్టుకోవాలి, రాత పరీక్ష రాయాలి, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఒక్కో చోట ఒక్కో తారీఖు. పొద్దున లేస్తే నాకు ఇదే పని.

పేరు అడిగావు. ఉపేందర్ సారు. మా హాస్టలుకు దగ్గరలోనే ఉన్న పరిశోధన సంస్థలో ఉంటారు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద ఉన్న మట్టి తీసి పక్కన గుట్టలుగా పోస్తారు కదా. వానలకు ఆ గుట్టలు ఎందుకు జారుతాయి, జారే ముందు లోపల ఏం జరుగుతుంది, ముందే ఎట్లా పసిగట్టాలి. నేను రాసింది దాని మీద. ఆయన జవాబిచ్చారు. దరఖాస్తు పెట్టుకో, పరీక్ష నెగ్గితే ఇంటర్వ్యూలో మాట్లాడదాం అన్నారు. సీటు ఇస్తానని అనలేదు. ఆ ఒక్క జవాబు కోసం ఏడాది నుంచి ఎదురుచూస్తున్నాను.

సంతకానికి రాను. కొలువు జమునక్కకు ఇవ్వండి. అక్క అడుగుతూనే ఉంది. పెళ్ళయితే బాపుకు బిడ్డ కాకుండా పోతుందా. నువ్వు ఒప్పుకుంటే బాపు ఒప్పుకుంటాడు. నువ్వు ఒప్పుకోవు కాబట్టి అందరూ నా మీద పడ్డారు. కొలువు లేకపోతే కంపెనీ తీసేసుకునే మీ క్వార్టర్ నిలబెట్టడానికి నేను పుట్టలేదు.

సంతోషి


గోదావరిఖని,
25 మార్చి 2024

సంతోషికి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

మట్టి గుట్టల మీద చదవడానికి హైదరాబాదు ఎందుకు. రామగిరి దిక్కు పోతే కావలసినన్ని గుట్టలు ఉన్నాయి. వాటి మీద తుమ్మలు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. వానకు గుట్ట జారుతుంది. జారితే మేము దూరం జరుగుతాం. దానికి పీహెచ్‌డీ ఎందుకు.

మీ క్వార్టర్ అని రాశావు. ఆ క్వార్టర్లో కూర్చునే నువ్వు గేట్ పరీక్షకు చదివావు. మీ బాపు నైట్ షిఫ్టు దిగి వచ్చి, లోపల పడుకుంటే తన దగ్గు నీకు అడ్డం వస్తుందని, ఎండలో అరుగు మీద పడుకునేవాడు. అది మీ క్వార్టర్ ఎట్లా అయింది, మన క్వార్టర్ ఎందుకు కాలేదు.

జమున సంగతి నాతో అనకు. పెద్దవాళ్ళం మేం చూసుకుంటాం.

ఆ ఇంటర్వ్యూ ఏ తారీఖున. ఆ ఉపేందర్ సారు ఒక్కడే ఉంటాడా, ఇంకా ఎవరైనా ఉంటారా. రాయి.

రాయమల్లు


హైదరాబాద్,
29 ఏప్రిల్ 2024

పెద్దబాపూ,

రాత పరీక్ష నెగ్గాను. ఇంటర్వ్యూ మే ఇరవై రెండున. ఐదుగురు సార్లు ఉంటారు, ఉపేందర్ సారు వాళ్ళలో ఒకరు. అడిగావు కాబట్టి రాశాను.

ఆ రోజు బాపుకు బాగాలేదని ఎవరితోనైనా ఫోను చేయించి నన్ను ఆపాలని చూడకండి. నేను రాను.

జారితే దూరం జరుగుతాం అని రాశావు. నేను రాత్రింబగళ్ళు చదివింది నీకు అంత నవ్వులాట అయింది. నా కోసం ఎవరూ ఏమీ చేయొద్దు. అడ్డం రాకుండా ఉంటే అదే చాలు. ఇక ఉత్తరాలు కూడా వద్దు.

సంతోషి


హైదరాబాద్,
23 మే 2024

రాయమల్లు గారికి,

నిన్న నన్ను లోపలికి పిలిచారు. ఐదుగురు కూర్చుని ఉన్నారు. బల్ల మీద నా ఫైలు, ఫైలు పక్కన ఒక శాలువా. ప్లాస్టిక్ కవరు విప్పలేదు. కవరు మీద గోదావరిఖని చౌరస్తా దుకాణం పేరు ఉంది.

"ఇది మీవాళ్ళది, తీసుకెళ్ళమ్మా" అన్నారు ఉపేందర్ సారు.

నాకేమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. "మొన్న ఇద్దరు వచ్చారు. ఒకాయన యూనియన్ నాయకుడినన్నాడు. మాట్లాడింది ఆయనే. ఇంకో పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు."

ఆ గోడకు ఆనుకున్నది ఎవరో నాకు చెప్పనక్కర్లేదు.

ఆ నాయకుడు మీ వీరేందరే. అతను అన్న మాటలు సారుకు బాగా గుర్తున్నాయి. "మా పిల్ల పని మీ చేతుల ఉన్నది సారూ. జర చూసుకోవాలె. మా దిక్కు గుట్టల మీద పనుంటే బండి, మనుషులు అంత మేమే చూస్తం. మేము ఎన్కకు తిరిగిపోయేటోళ్లం కాదు." ఆ చివరి మాటను వాళ్ళు బెదిరింపు అనుకున్నారు. నేను కూడా వాళ్ళ కుర్చీలో ఉంటే అట్లాగే అనుకునేదాన్ని.

సీట్ల ప్రకటనలో చివరి వరుస ఒకటి ఉంటుంది. అభ్యర్థి తరఫున ఎవరు పైరవీ చేసినా దరఖాస్తు చెల్లదు అని. దాన్ని ఎవరూ చదవరు. నిన్న నాకు చదివి వినిపించారు.

"నువ్వు పంపావని నేను అనుకోవడం లేదు" అన్నారు సారు. "కానీ నిర్ణయం నాదొక్కడిదే కాదు. బయట ఇంకా పిల్లలు కూర్చున్నారు. వాళ్ళ కోసం ఎవరూ రాలేదు."

ఒక్క ప్రశ్న అడగలేదు. గుట్ట గురించి ఒక్కటంటే ఒక్కటి. శాలువా చేతిలో పట్టుకుని ఆ పిల్లల ముందు నుంచే బయటికి వచ్చాను.

సారు పేరు ఎందుకు అడిగారో, తారీఖు ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసింది. నేను సంతకం పెట్టనన్నాను. అందుకని ఇక్కడ నా దారి మూసి వెళ్ళారు. బాగుంది, మీ మాటే నెగ్గింది. బాపుకు చెప్పండి, నా పేరే రాయమని. వస్తాను, బాయి కొలువే చేస్తాను. మీరున్న గదిలోకి మాత్రం రాను.

సంతోషి


గోదావరిఖని,
2 జూన్ 2024

సంతోషికి,

గారు అని రాశావు. మీరు అని రాశావు. సరే.

నీ పేరు రాయడం కుదరదు. జమున పేరు రాసి ఇచ్చాం. తమ్ముడికి చెప్పి రాయించింది నేను. సాక్షి సంతకం నాది. హైదరాబాదు రైలు ఎక్కడానికి ముందు రోజు ఆ పని అయింది. ఒకసారి ఇచ్చాక మార్చరు.

నేను పోయింది నిజం. వీరేందర్‌ను తీసుకుపోయింది నేను. ఆయన రానంటే ఇంటి ముందు పొద్దంతా కూర్చుని ఒప్పించాను. శాలువా కొన్నది నేను.

నువ్వు రాసిన సార్లలో కొందరు అసలు చూడనే లేదని నీ ఉత్తరంలో ఉంది. ఈ పిల్ల వెనక మనిషి లేడనుకున్నారని నాకు అనిపించింది. సదయ్యకు కొలువు కావాలన్నప్పుడు మా నాయిన ఇట్లాగే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోయి నిలబడ్డాడు. జమున కాన్పు కష్టమైనప్పుడు దవాఖాన ముందు నేను నిలబడ్డాను. ఇంట్లో ఎవరికి ఏ పని పడినా నేను చేసింది అదే. మాట్లాడడం రాదు కాబట్టి మాట్లాడేవాణ్ణి తీసుకుపోతాను.

వీరేందర్ ఏమన్నాడో నాకు వినబడలేదు. సారు ముఖం చూశాను. గంటుపెట్టుకుని ఉన్నాడు. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ ముఖాలు అట్లాగే ఉంటాయనుకున్నాను. శాలువా విప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. మర్యాదకు వద్దంటున్నాడనుకుని బల్ల మీద పెట్టి దండం పెట్టి వచ్చాను. రైల్లో వీరేందర్ "పని అయినట్టే కాకా, ఇగ ఫికర్ చెయ్యకు" అని నా చెవిలో అరిచి చెప్పాడు. స్టేషన్లో ఇద్దరం చాయ్ తాగాం.

ఇప్పుడు నువ్వు విను. ఇంటి మనిషి వచ్చి నిలబడ్డాడని పిల్లకు ఒక్క ప్రశ్న వేయకుండా పంపినవాళ్ళు మంచివాళ్ళు కాదు. వాళ్ళను ఒక్క మాట అనలేదు. అన్నీ నన్నే అన్నావు. నీ దారి మూయడానికి పోయానని రాశావు. ఆ మాట నువ్వు తిరిగి తీసుకోవాలి.

మళ్ళీ పోయి, తప్పు నాది, పిల్లది కాదు అని సారుకు చెబుదామని టికెట్టు కొన్నాను. జమున నా చేతిలోంచి గుంజుకున్నది. కాగితం మీద రాసి చూపించింది. "నువ్వు పోయి చెప్తే అది గూడ పైరవే అయితది పెద్దబాపూ. ఇంట్ల కూసో."

కూర్చున్నాను.

రాయమల్లు


హైదరాబాద్,
15 జూన్ 2024

పెద్దబాపు గారికి,

అంటే ఇప్పుడు నాకు సీటూ లేదు, కొలువూ లేదు.

అక్కకు ఇవ్వమని నేనే అన్నాను, మరిచిపోలేదు. అన్నప్పుడు మీరు వినలేదు. పెద్దవాళ్ళం చూసుకుంటాం అన్నారు. తర్వాత నన్ను అడగకుండా ఇచ్చేశారు. నాకు చెప్పకుండా హైదరాబాదు వచ్చారు. నేనున్న హాస్టలు దాటే ఆ సంస్థకు పోవాలి. గేటు ముందు నుంచే వెళ్ళి ఉంటారు. ఒక్క నిమిషం ఆగి నన్ను పిలిస్తే, వద్దు అని చెప్పేదాన్ని. నన్ను తప్ప అందరినీ అడిగారు.

సార్లను ఎందుకు అనలేదంటారు. ఆ రోజు బయట బెంచీ మీద నా పక్కన ఒకామె కూర్చుంది. అల్మాస్ అని. వాళ్ళ నాన్న మెకానిక్. ఆమె వెనక నాయకుడు లేడు, బండి లేదు, శాలువా లేదు. నాయకుణ్ణి తెచ్చుకున్న పిల్లకు సీటు వచ్చి ఆమెకు రాకపోతే నేనే గొడవ చేసేదాన్ని. ఆ చివరి వరుస నాలాంటి వాళ్ళ కోసం పెట్టిందే. నా మీదే పడింది. ఎవరినని తిట్టను. దగ్గరగా ఉన్నది మీరు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. ఉపేందర్ సారు జవాబిచ్చింది నా వెనక ఎవరో ఉన్నారని కాదు. నేను రాసింది చదివి. నా జన్మలో మొదటిసారి ఒకరు నేను ఎవరి బిడ్డనో అడగకుండా నాతో మాట్లాడారు. మీరు వచ్చి ఎవరి బిడ్డనో చెప్పి పోయారు.

మళ్ళీ మొదలుపెడుతున్నాను, జనవరి సీట్లకు. ఎక్కడెక్కడ రాస్తున్నానో మీకు రాయను. బాపుకు, అమ్మకు కూడా చెప్పను. చెప్తే మీ దాకా వస్తుంది.

ఆ మాట తిరిగి తీసుకోను.

సంతోషి


గోదావరిఖని,
20 నవంబర్ 2024

సంతోషికి,

ఉత్తరాలు వద్దన్నావు. ఇన్నాళ్ళు రాయలేదు. ఇది రాయక తప్పడం లేదు.

జమున డ్యూటీలో చేరింది. బాయి పైన, లోపలికి దిగేవాళ్ళకు దీపాలు ఇచ్చే గదిలో పని. మొదటి రోజు మీ బాపు షేర్ ఆటోలో గేటు దాకా పోయి వచ్చాడు. వచ్చి చాలాసేపు ఆయాసపడ్డాడు. అయినా ముఖం బాగుంది. అల్లుడు నస్పూర్ నుంచి సామాను తెచ్చుకున్నాడు. పిల్లలు గోడల మీద బొగ్గుతో రాస్తున్నారు. సారక్క తిడుతున్నది.

నిన్న వీరేందర్ వచ్చాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "కాకా, మన పిల్ల మళ్ల రాస్తున్నదట గదా. ఏ ఊరు, ఏ సారు? ఆ హైదరాబాద్ల ఉత్తచేతులతోని పోయినట్టయింది. ఈసారి పెద్ద నాయకుని లెటరు పట్టుకొని పోదాం."

నాకు తెల్వదన్నాను.

"ఇంటి పెద్దవు, నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది" అని చాయ్ తాగినంతసేపు అడిగాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజంగా తెలియదు కాబట్టి బయటపడ్డాను. తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి. చెప్పడమే కాదు, ఆయన కంటే ముందు రైలెక్కేవాణ్ణి. నువ్వు అక్కడ ఒక్కదానివి బెంచీ మీద కూర్చున్నావని తెలిస్తే నా కాళ్ళు ఇంట్లో ఆగవు. అది నాకు తెలుసు.

అందుకే రాస్తున్నాను. ఏ ఊరో నాకు చెప్పకు. సీటు వచ్చినా వెంటనే చెప్పకు. నువ్వు చేరి, వాళ్ళు నిన్ను తీసేయలేని రోజు వచ్చేదాకా చెప్పకు. ఉత్తరం రాస్తే కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది. కవరు తీసి చింపి, లోపలి కాగితం ఒక్కటే నాకు ఇమ్మని జమునకు చెప్పి పెట్టాను.

ఆ మాట తిరిగి తీసుకొమ్మని మళ్ళీ అడగను. అది గుండెలో మంటగానే ఉంది. ఉండనీ.

రాయమల్లు


ఊరి పేరు రాయలేదు,
19 జనవరి 2025

పెద్దబాపూ,

ఇది జమునక్క పేరు మీద పంపుతున్నాను. కవరు ఆమె చింపేసి ఉంటుంది.

సీటు వచ్చింది. చేరాను కూడా. చేతికి కార్డు ఇచ్చారు, ల్యాబులో బల్ల ఇచ్చారు. ఇక తీసేయలేరు. అయినా ఊరు చెప్పను.

ఈసారి ఇంటర్వ్యూలో గుట్ట గురించే అడిగారు. అడిగిన దాంట్లో సగం నాకు రాలేదు. రాదనే చెప్పాను. చివరికి ఒక మేడం అడిగింది, "గుట్ట జారితే అక్కడివాళ్ళు ఏం చేస్తారు?" అని. "దూరం జరుగుతారు" అన్నాను. నీ మాటే. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఎప్పుడు జరగాలో వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?" అన్నది. తెలియదు, తెలుసుకుందామనే వచ్చానన్నాను. ఇక ఐదేళ్ళు నా పని అదే. వానాకాలం రామగిరి దిక్కు వస్తాను, పరికరాలతో. అప్పుడు నన్ను చూడడానికి గుట్ట దగ్గరికి రాకు. వీరేందరన్నను అసలు తీసుకురాకు.

నీ మీద కోపం పోలేదు. ఇప్పుడిప్పుడే పోయేట్టు లేదు. అల్మాస్‌కు ఆ సీటు వచ్చిందట. సంతోషంగానే ఉంది, కడుపులో మండుతూనే ఉంది. నా దారి మూయడానికి వచ్చావని రాసింది కోపంలో రాసింది. అది కొట్టేసుకో. మిగిలింది మాత్రం ఒక్క అక్షరం కొట్టేయకు.

ఆ శాలువా నా దగ్గరే ఉంది. ఇక్కడ చలి బాగా ఉంది. మొన్న కవరు విప్పి కప్పుకుని చూశాను. ఏం కొన్నావు పెద్దబాపూ, అంతా జరీయే. సన్మానాల శాలువా చలికి ఆగదు. నా గదిలో కిటికీ అద్దం ఒకటి పగిలి ఉంది, దానికి అడ్డం కట్టాను. గాలి కొంచెం ఆగుతున్నది.

సంతోషి